బేస్‌మెంట్‌లో అరమండి

షాంటిలీ,
ఆగస్టు 2, శనివారం మధ్యాహ్నం.

నమ్రతకి,

ఇక్కడ మేమిద్దరం క్షేమం అని రాస్తేనే ఉత్తరం మొదలైనట్టు కనుక రాస్తున్నాను. ఫ్రీమాంట్‌లో నువ్వూ క్షేమంగా ఉన్నావనీ, నీ అద్దె గదిలో ఏసీ బాగుచేయించారనీ అనుకుంటున్నాను. అనిక బాగానే తింటోంది, బాగానే నిద్రపోతోంది. స్కూలు తెరిచేలోపు చదవాల్సిన పుస్తకాలు చదవకుండా బాగానే తప్పించుకుంటోంది. ఇంటి కబుర్లు ఇంతే. ఇక నా కోపం సంగతి రాస్తాను.

కోపాలు ఫోన్‌లో వద్దు, పిల్ల వింటోంది, కాగితం మీద పెట్టుకుందాం అని రూలు పెట్టింది నువ్వే. జనవరిలో మీ ఆఫీసు వాళ్ళు అందరూ వచ్చి సీట్లలో కూర్చోవాల్సిందేనని నిన్ను అక్కడికి లాక్కుపోయాక మనం పెట్టుకున్న రూళ్ళలో నేను సరిగ్గా పాటిస్తున్నది ఇదొక్కటే. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి కూడా ఒళ్ళు మండింది. అయినా అడిగినవాటికి జవాబు చెప్పకుండా అరిస్తే నీకు అలుసు కాబట్టి ముందు జవాబులే రాస్తాను.

పైన బాత్రూమ్‌లో షవర్ కర్టెన్ ఏదని అడిగావు. బేస్‌మెంట్‌లో ఉంది. బట్టలు ఆరేసుకునే స్టాండుకి వేలాడుతోంది. దాని వెనక లైటు పెడితే వెలుగు మెత్తబడి వస్తుంది. స్టూడియోల్లో ఇదే పనికి వాడే పెద్ద డబ్బాలాంటి సరంజామా కొనాలంటే మన బడ్జెట్‌లో కుదరదు. మొదట్లో హార్డ్‌వేర్ షాపులో దొరికే పసుప్పచ్చ పనిలైటు దాని వెనక పెట్టాను. అది పొయ్యిలా కాలి కర్టెన్ ఒక మూల కరిగింది. ఆ వాసనకే నువ్వు మార్చిలో వచ్చినప్పుడు "డ్రైయర్ చెక్ చేయించు శశీ" అన్నావు. చేయించానని అబద్ధం చెప్పాను. ఆ తరవాత హెర్న్‌డన్‌లో ఒక రిటైరైన పెద్దాయన దగ్గర పాత ఫ్లాష్ ఒకటి, దాని వెలుగుని పరిచే తెల్ల గొడుగు ఒకటి తెచ్చుకున్నాను. ఫ్లాష్‌కి వేడి ఉండదు. కర్టెన్ మిగిలింది.

నీ గ్రే బెడ్‌షీట్ కూడా అక్కడే గోడకి తెరలా ఉంది. ఇస్త్రీ చేసి మరీ కొట్టాను. రెండు బియ్యం బస్తాలు కిందకి ఎందుకు వెళ్ళాయని అడిగావు. లైటు స్టాండు పడిపోకుండా కాళ్ళ మీద బరువు పెట్టాలి. అందరూ ఇసక సంచీలు కొనుక్కుంటారు. మనకి సోనా మసూరి ఉండగా ఇసకెందుకు? వండుకోవాల్సి వచ్చినప్పుడు పైకి తెస్తున్నాను, మళ్ళీ కిందకి మోస్తున్నాను.

ఇవన్నీ నువ్వు వెటకారంగా అడిగావని నాకు తెలుసు. "నీ హాబీ కోసం పిల్ల రంగప్రవేశం ఫోటోలు రిస్క్ చేయలేను. హాల్ ముందు ఆరడుగుల ఫోటో స్టాండీ పెడతాం. దాని మీద షవర్ కర్టెన్ నీడ పడితే ఎవరు సమాధానం చెప్తారు?" అని రాశావు. ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఏడు నెలలు నమ్రతా! నువ్వు వెళ్ళిన వారం ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. స్టీలు బిందె మీద లైటు వేసి వేసి, అందులో నా మొహం కనిపించకుండా బిందె మాత్రం మెరిసేలా తీయడానికి రెండు నెలలు పట్టింది. అనిక పెట్టుకోబోయే వడ్డాణం, వంకీలు, తల మీద సూర్యుడు, చంద్రుడు అన్నీ ఆ బిందెలాంటివే కదా. తిన్నగా లైటు వేస్తే తెల్లటి మచ్చలు పడతాయి. కొబ్బరికాయకి కళ్ళు, ముక్కు గీసి, జుట్టు వెనక్కి తిప్పి, దాన్నే మనిషనుకుని ప్రాక్టీసు చేశాను. లైటు దగ్గరికి జరిపేకొద్దీ నీడ అంచు మెత్తబడుతుందనీ, ఒక పక్క తెల్లటి అట్ట నిలబెడితే చీకటి పక్కకి కూడా కొంచెం వెలుగు తిరిగొస్తుందనీ ఎవరో చెప్తే కాదు, నా కళ్ళతో చూసి నేర్చుకున్నాను. ఆఫీసులో రోజంతా ఎవరో రాసిన కోడ్‌లో తప్పులు వెతికి వచ్చేవాణ్ణి. నేను చేసింది నాకే నచ్చడం చాలా ఏళ్ళ తరవాత ఆ బేస్‌మెంట్‌లో జరిగింది.

నువ్వు దాన్ని హాబీ అన్నావు. సరే. అన్నదానికంటే చేసినదానికే నాకు ఎక్కువ కోపం. నాతో ఒక్క మాట చెప్పకుండా ఫోటోగ్రాఫర్‌ని బుక్ చేశావు! నాకు ఎలా తెలిసిందనుకున్నావు? జూలై పన్నెండో తేదీ, శనివారం పొద్దున తొమ్మిదింటికి ఈమెయిల్ వచ్చింది. "హాయ్ శశీ, ఆగస్టు సెషన్‌కి కన్ఫర్మేషన్" అని. ఇంటి అడ్రస్, అనిక ఎత్తు, కాస్ట్యూమ్ రంగు, అన్నీ ఉన్నాయి అందులో. నువ్వు మే నెలలోనే చెప్పావట. మే నుంచి జూలై దాకా ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో నేను ఆ కొబ్బరికాయ ఫోటోలు చూపిస్తుంటే "బావుంది శశీ, చాలా ఇంప్రూవ్ అయ్యావు" అన్నావే, ఆ నవ్వు గుర్తొచ్చి అరికాలి మంట నెత్తికెక్కింది. చిన్నపిల్లవాడు గీసిన బొమ్మని మెచ్చుకున్నట్టు మెచ్చుకున్నావు. వద్దు, నీ చేత కాదు అని మొహం మీద చెప్పి ఉంటే రెండు రోజులు అలిగి ఊరుకునేవాణ్ణి.

ఈ తేదీ, టైము గుర్తుపెట్టుకో. మళ్ళీ ఆ రోజు దగ్గరికే వస్తాను.

మోకాలి గురించి అడిగావు. ఫిజికల్ థెరపీకి మూడోసారి వెళ్ళి వచ్చాం. వాపు తగ్గింది. ఎక్కువ శ్రమ పెట్టడం వల్ల మోకాలి చిప్ప కింద నరం లాగేసిందట, చిరగలేదట. ఇంకో నాలుగు వారాలు గెంతకూడదు, అరమండి వేయకూడదు. ఆ తరవాత మెల్లిగా మొదలుపెట్టొచ్చు. నవంబర్ ఎనిమిదికి ప్రోగ్రాం చేయొచ్చా అని థెరపిస్టు అమ్మాయిని అడిగాను. టీచర్ జాగ్రత్తగా చూసుకుని చేయిస్తే చేయొచ్చు అంది. కాబట్టి హాల్ క్యాన్సిల్ చేయకు.

నీ చివరి ప్రశ్న మీనా టీచర్ గురించి. "ఆవిడతో మాట్లాడావా, గట్టిగా అడిగావా, లేక నీ సహజ ధోరణిలో నవ్వి వచ్చేశావా?" అని రాశావు. నువ్వు మాత్రం ఆవిడని అడగలేదు. పేరెంట్స్ గ్రూపులో, ముప్ఫై మంది చూస్తుండగా, "రంగప్రవేశం పేరుతో పిల్లల మోకాళ్ళు అరగదీస్తున్నారు, మా అనిక నడవలేకపోతోంది, మిగతావాళ్ళు కూడా ఆలోచించుకోండి" అని పెట్టావు. అంకిత వాళ్ళమ్మ, దియ వాళ్ళమ్మ అప్పటినుంచి పిల్లల్ని పంపడం లేదు. ఇప్పుడు గురువునే మార్చేద్దాం అంటున్నావు. తొమ్మిదేళ్ళు నేర్పిన మనిషిని!

ఆవిడ నీ మెసేజ్‌కి జవాబు కూడా ఇవ్వలేదు చూశావా అని నువ్వు ఎత్తిపొడిచావు. ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో నాకు ఈ రోజే తెలిసింది. దానికంటే ముందు ఇంకొకటి రాయాలి. రాయడానికి మూడు వారాలు పట్టింది.

అనిక మోకాలు పాడైంది మీనా టీచర్ క్లాసులో కాదు. మన బేస్‌మెంట్‌లో. పాడుచేసింది నేను.

జూలై పన్నెండు శనివారం. అనిక క్లాసులో ఉందని నువ్వు అనుకున్నావు. ఆ రోజు కమ్యూనిటీ సెంటర్‌లో ఏదో పని జరుగుతోందని టీచర్ క్లాసు ఆదివారానికి మార్చారు. ఈమెయిల్ చూసిన అరగంటకి నేను అనికని లేపి కాస్ట్యూమ్ వేసుకోమన్నాను. నగలన్నీ పెట్టుకోమన్నాను. ఆ ఫోటోగ్రాఫర్ తీసేదానికన్నా మంచి ఫోటో ఆ పూటే తీసి నీ మొహాన కొట్టాలనుకున్నాను. ఆ క్షణంలో నా మనసులో ఉన్న మాట ఇదే. దాచి ఏం లాభం?

కొబ్బరికాయకి చేతులూ కాళ్ళూ లేవు కదా. అసలు కష్టం అక్కడుందని నాకు అప్పటిదాకా తెలియలేదు. కాస్ట్యూమ్ ముందు కుచ్చిళ్ళు విసనకర్రలా విచ్చుకోవాలంటే అనిక అరమండిలో ఉండాలి. మోకాళ్ళు రెండూ పక్కలకి వంచి, నడుము నిటారుగా పెట్టి, సగం కూర్చుని. లేచి నిలబడితే విసనకర్ర మూసుకుపోతుంది. నేల మీద టేపుతో గుర్తు పెట్టి అక్కడ నిలబెట్టాను. అరమండి వేసింది, చేతులు పట్టింది. చెయ్యి నీడ మొహం మీద పడింది. లైటు కిందికి దించాను. ముక్కు నీడ పైకి పోయింది. మళ్ళీ ఎత్తాను. వడ్డాణం మీద తెల్లమచ్చ. కర్టెన్ దగ్గరికి జరిపాను. కుచ్చిళ్ళ మడతల్లో చీకటి. కింద అట్ట పెట్టాను. ప్రతిసారీ "ఇంకొక్కటి" అన్నాను.

గంటంపావు అయింది. మధ్యలో లేచి నిలబడింది, కాదనను. కానీ తను లేవగానే నేను పెట్టిన లైటు తప్పిపోయేది. మళ్ళీ అదే ఎత్తులో కూర్చోమనేవాణ్ణి. ఒకసారి "నాన్నా, మోకాలు హర్ట్ అవుతోంది" అంది. నేనేమన్నానో తెలుసా? "రెండు గంటల ప్రోగ్రాం చేయబోతున్నావు, రెండు నిమిషాలు హోల్డ్ చేయలేవా?" అన్నాను. అది మళ్ళీ మోకాళ్ళు పక్కలకి వంచింది. కూర్చుంది.

మర్నాడు ఆదివారం క్లాసులో గెంతగానే మోకాలు పట్టేసింది, అక్కడే కూలబడింది. అందరూ చూసింది అదే. నువ్వు నమ్మిందీ అదే. ఇంటికొచ్చాక దాని కాలికి ఐస్ కడుతూ "అమ్మకి బేస్‌మెంట్ సంగతి చెప్పకు, అనవసరంగా గొడవవుతుంది" అన్నాను. "ఓకే" అంది. థెరపీలో మొదటి రోజు ఆ అమ్మాయి "ఎక్కువసేపు మోకాళ్ళు వంచి అలాగే ఉండిపోయావా?" అని అడిగింది. అనిక నా వైపు చూసింది. నేను గోడ మీద ఎముకల బొమ్మ వైపు చూశాను. "జస్ట్ డాన్స్" అంది అనిక. నన్ను కాపాడింది. పదిహేనేళ్ళ పిల్ల నలభై ఆరేళ్ళవాణ్ణి కాపాడింది, నేను కాపాడనిచ్చాను. ఆ రాత్రే నీ మెసేజ్ గ్రూపులో చూశాను. చూసి ఫోన్ బోర్లా పెట్టాను.

ఇప్పుడు నువ్వెంత తిట్టుకుంటున్నావో నాకు తెలుసు. అంతకంటే ఎక్కువే నేను తిట్టుకున్నాను, అయినా మూడు వారాలు నోరు మెదపలేదు. గురువుని మార్చేద్దామని నీ ఉత్తరంలో చదివాకే కాళ్ళు కదిలాయి. ఈ పొద్దున మీనా టీచర్ ఇంటికి వెళ్ళాను.

ఆవిడ కాఫీ ఇచ్చి కూర్చున్నారు. చెప్పాను. పోనీలెండి అంటారేమో అనుకున్నాను. అనలేదు.

"మూడు వారాలు నేనేం చేశానో తెలుసాండీ?" అన్నారు. "నా క్లాసులో తప్పెక్కడుందా అని వెతుక్కున్నాను. పిల్లలందరి చేతా జంప్స్ మానిపించేశాను. మా గురువుగారికి ఫోన్ చేసి, నేను నేర్పే పద్ధతి తప్పా అని అడిగాను. ఇరవై రెండేళ్ళుగా నేర్పుతున్నాను శశికాంత్ గారూ. ఫోన్‌లోనే ఏడ్చేశాను."

"అందుకేనా గ్రూపులో జవాబివ్వలేదు?"

"నాదే తప్పేమో అని డౌట్ ఉన్నప్పుడు ఏమని ఇస్తాను?"

సారీ అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. "ఈ సారీ నాకెందుకండీ? ఇక్కడ హాల్లో నాకు ఒక్కదానికి చెప్తే నాకేం ఒరిగింది, మీకేం పోయింది? మీ ఆవిడ ఎక్కడ రాశారో అక్కడే రాయండి. ఆ తరవాత అనికని పంపండి, నేను మెల్లిగా చేయిస్తాను. రాయకుండా మాత్రం పంపకండి" అన్నారు.

కాబట్టి రాస్తాను. ఈ ఉత్తరం ఇప్పుడే ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేస్తే సోమవారం నీ చేతికొస్తుంది. సోమవారం సాయంత్రం ఆరింటికి, మీ టైము మూడింటికి, గ్రూపులో పెడతాను. బేస్‌మెంట్, గంటంపావు, "అమ్మకి చెప్పకు" అన్నదీ, అన్నీ. నీకు ముందే చెప్పడం ఎందుకంటే నువ్వు రాసినదాన్ని అందరి ముందూ అబద్ధం చేయబోతున్నాను కనుక. నీ మాట నువ్వు వెనక్కి తీసుకుంటావో లేదో నీ ఇష్టం. కానీ అడగకుండా ముప్ఫై మంది ముందు పెట్టిన తప్పు నీది. దాన్ని నా లెక్కలో వేసుకోను. నాది నాకు చాలు.

ఫోటోగ్రాఫర్‌ని రమ్మను. మోకాలు బాగయ్యాక అక్టోబరుకి మార్చి రమ్మను. అరమండి ఫోటో ఎంతసేపట్లో తీస్తాడో ముందే అడుగు. అతనికి నా గ్రే బెడ్‌షీట్ ఇవ్వను. నువ్వు నాతో చెప్పకుండా బుక్ చేసినందుకు నాకింకా కోపంగానే ఉంది. నేను చేసిన వెధవపని వల్ల ఆ కోపం చెల్లిపోదు. నువ్వొచ్చాక కాగితం లేకుండా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

ఇంకొక్క సంగతి ఉంది. కవర్లో రెండు ఫోటోలు పెట్టాను.

టీచర్ ఇంటి నుంచి రాగానే అనికకి చెప్పాను, అంతా చెప్పేశానని, అమ్మకి కూడా రాస్తున్నానని. థాంక్స్ అనలేదు, ఏడవలేదు. "బేస్‌మెంట్‌కి రా నాన్నా" అంది. కుంటుకుంటూ ముందు నడిచింది. టేపు గుర్తు ఇంకా నేల మీదే ఉంది. "అక్కడ నిలబడు. అరమండి వెయ్యి" అంది. నవ్వాను. అది నవ్వలేదు.

వేశాను. "మోకాళ్ళు ముందుకి కాదు, సైడ్‌కి. బ్యాక్ స్ట్రెయిట్. చేతులు" అంది. తను స్టూలు మీద కూర్చుని, కాలు బియ్యం బస్తా మీద పెట్టుకుని, ఫోన్‌లో టైమర్ ఆన్ చేసింది. లైటు కొంచెం ఎత్తింది. ఒకటి తీసి కెమెరాలో చూసింది. "చెయ్యి నీడ మొహం మీద పడుతోంది నాన్నా. ఆగు" అంది. కర్టెన్ జరిపింది. తొడలు మండుతుంటే పళ్ళు బిగించాను. అట్ట తిప్పింది. మళ్ళీ చూసింది. "ఇంకొక్కటి" అంది. నేనెలా అన్నానో అలాగే అంది, అదే గొంతు.

ఒక నిమిషం నలభై సెకన్లకి చేతులు నేలకి ఆనించి పడిపోయాను. పడేముందు నొక్కింది. ఆ ఫోటోనే ఇది. వెనకాల టైము అనికే రాసింది.

తరవాత నేను ఒక్కణ్ణే కూర్చుని ఆ శనివారం తీసినవి నూట పన్నెండూ మళ్ళీ తెరిచాను. మూడు వారాల్లో వాటిని ఎన్నిసార్లు చూశానో! ప్రతిసారీ వడ్డాణం మీద మచ్చ చూశాను, నీడ చూశాను, కుచ్చిళ్ళు చూశాను. మొహం చూడలేదు. ఇరవయ్యో ఫోటో నుంచి అది పళ్ళు బిగించే ఉంది. ఇంకెంతసేపని కళ్ళు నన్నే అడుగుతున్నాయి. మొహం మీద నీడ ఒక్కటి లేదు, అంతా తేటగా కనిపిస్తోంది. అన్ని నెలలు నేర్చుకున్న లైటింగ్ కదా.

రెండో ఫోటో వాటిలోది, తొంభై ఆరోది. రెండూ పక్కపక్కన పెట్టి చూడు. అనికది అచ్చం నాన్న మొహం అని నువ్వు దాని బారసాలనాటి నుంచీ అంటున్నావు. నాకెప్పుడూ పోలిక కనబడేది కాదు. ఈ రోజు కనబడింది.

ఇట్లు,
నీ మీద ఇంకా కోపంగానే ఉన్న,
అనిక నాన్న,
శశికాంత్